అవుకన బుద్ధుడూ కలావెవ చెరువూ

బుద్ధ విగ్రహం కనబడగానే మన రచయితలకు రెండే పనులు తోస్తాయి. ఒకటి, ఆ పెదవుల మీది చిరునవ్వు చూసి కరుణ, శాంతి, మౌనం అంటూ కరిగిపోవడం. రెండోది, ఆ రాయి వెనక రాజుగారి ఖజానా ఉంది గనక అది జనాన్ని మభ్యపెట్టడానికి చెక్కించిన బొమ్మ అని ఒక్క వాక్యంతో కొట్టిపారెయ్యడం. మొదటి పని చేసేవాళ్ళను మనం భావవాదులంటాం. రెండో పని చేసేవాళ్ళు మనవాళ్ళే. నేనూ చేశాను. ఇరవయ్యారేళ్ళ వయసులో ఒక చిన్న పత్రికకు "శిలాబుద్ధుడు - భూస్వామ్యపు ముసుగు" అని ఐదు పేజీల వ్యాసం రాశాను. అప్పటికి నేను చూసిన బుద్ధ విగ్రహాలు మ్యూజియంలో నాలుగు, హుస్సేన్‌సాగర్ మధ్యలో ఒకటి. వ్యాసం బాగుందని నలుగురైదుగురు మెచ్చుకున్నారు. అందులో ఏ విగ్రహం గురించి రాశావని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగివుంటే నా దగ్గర జవాబు లేదు.

ఆ వ్యాసానికి బీజం 2001 మార్చిలో పడింది. అప్పుడు నేను ఎం.ఏ. విద్యార్థిని. అఫ్ఘానిస్తాన్‌లో బామియాన్ కొండకు చెక్కిన రెండు బుద్ధ విగ్రహాలను, ఒకటి 55 మీటర్లది, ఇంకొకటి 38 మీటర్లది, తాలిబాన్లు మందుగుండు పెట్టి పేల్చేశారు. హాస్టల్లో రాత్రంతా వాదులాడుకున్నాం. కరువుతో, యుద్ధంతో చస్తున్న మనుషులను చూడనివాళ్ళు రాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకుంటున్నారని ఒక మిత్రుడు అన్నాడు. ఆ మాట నాకు గొప్పగా తోచింది. రాయి, మనిషి, ఈ రెంటిలో మనం ఎటు? ఇంత తేలికైన ప్రశ్న దొరికాక ఆలోచించే పనేముంది!

బామియాన్ లోయలో ఉండే హజారాలు ఆ రెండు విగ్రహాలనూ సల్సాల్, షామామా అనే ప్రేమికులుగా చెప్పుకుంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ముస్లింలైన హజారాలకు అవి బుద్ధుడి బొమ్మలు కావు. కలవలేక కొండలో నిలిచిపోయిన ఒక ఆడా మగా. విగ్రహాలు పేల్చడానికి రెండు నెలల ముందు, 2001 జనవరిలో, అదే ప్రాంతంలోని యకావ్‌లంగ్‌లో అదే తాలిబాన్లు హజారా పౌరులను వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ రాళ్ళలో మందుగుండు కూరే పని కూడా పట్టుబడ్డ స్థానికుల చేతనే చేయించారని ఆ పని చేసినవాళ్ళు తర్వాత చెప్పారు. అంటే మా హాస్టల్ ప్రశ్నే తప్పు. మనిషిని చంపినవాడే రాయినీ చంపాడు. రాతిలో ఉన్నది ఆ మనిషి కథ గనకనే చంపాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2023 దసరా సెలవుల్లో నలుగురు ఉపాధ్యాయ మిత్రులతో శ్రీలంక వెళ్ళినప్పుడు నా సంచిలో ఆ పాత వ్యాసం జిరాక్సు కాపీ ఉంది. దాన్ని అవుకన బుద్ధుడి పాదాల దగ్గర నిలబడి మళ్ళీ చదవాలని నా సరదా. చదివాను. మూడో పేజీ దాటలేకపోయాను.

అవుకన అనూరాధపురం జిల్లాలో కెకిరావ ఊరికి దగ్గర. అక్కడి బుద్ధుడు నిలువెత్తు నల్లరాతి గుండులోంచి బయటికి వచ్చి నిలబడ్డట్టుంటాడు. పూర్తిగా రాలేదు. వీపు వెనక సన్నటి రాతి పట్టీ ఒకటి వదిలేశారు, అదే విగ్రహాన్ని కొండకు పట్టి ఉంచింది. విగ్రహం ఎత్తు దాదాపు 39 అడుగులు. కింద పద్మపీఠం వేరే రాయి. దాంతో కలుపుకుంటే 42 అడుగులు దాటుతుంది. ఎడమ చెయ్యి భుజం దగ్గర చీవరం అంచును పట్టుకుంది. కుడి చెయ్యి పైకెత్తి ఉంది, కానీ మనం బొమ్మల్లో చూసే అభయహస్తంలాగా అరచెయ్యి మనవైపు లేదు, పక్కకు తిరిగింది. ఆసీస ముద్ర అంటారు. బట్ట ఒంటికి తడిసి అంటుకున్నట్టు, మడతలు మాత్రం సన్నటి గీతలై కిందికి జారుతూ ఉంటాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలను శ్రద్ధగా చూసినవాడికి ఆ మడతలు పరాయివిగా కనిపించవు. మన కృష్ణా తీరపు సున్నపురాయి మీద అలవాటైన చెయ్యే సముద్రం దాటి గట్టిరాతి మీద పని నేర్చుకుందని కళాచరిత్రకారులు చెప్పేది ఒట్టి దేశాభిమానం కాదు. నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదనీ, తామ్రపర్ణి నుంచి వచ్చిన ఆచార్యుల కోసం బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించిందనీ మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలం నాటి శాసనమే ఉంది. రాకపోకలు ఉన్నాయి.

కాలం మీద ఏకాభిప్రాయం లేదు. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడి కాలంలో చెక్కారని ఎక్కువమంది చెబుతారు. శైలిని బట్టి 8వ శతాబ్దం దాకా జరిపేవాళ్ళూ ఉన్నారు. ఈ తేడా నా వాదానికి అడ్డు కాదు, ఎందుకో తర్వాత చెబుతాను.

అక్కడ నన్ను మొదట ఆపింది విగ్రహం కాదు. దాని చుట్టూ ఉన్న మొండిగోడలు. ఇటుకా రాయీ కలిపి కట్టిన ప్రతిమాగృహం అవశేషాలవి. సుమారు 74 అడుగుల పొడవు, 63 అడుగుల వెడల్పు. అంటే ఈ బుద్ధుడు మొదట ఆకాశం కింద నిలబడ్డవాడు కాదు, ఇంట్లో ఉన్నవాడు. ఇప్పుడు మనం పోస్టుకార్డుల మీద చూసేది, కవిత్వం రాసేది, అనంతాకాశం నేపథ్యంగా నిలిచిన మహామౌని బొమ్మ. అది పైకప్పు కూలాక తయారైన అర్థం. అవుకన అంటే ఎండను తినేది అని చెబుతారు. ఆ పేరు కూడా కప్పు పోయాకనే పుట్టి ఉంటుందని నా ఊహ. పదిహేను వందల ఏళ్ళ కిందట ఒక రైతు ఆ గదిలోకి వస్తే వెనక్కి జరిగి ముఖం చూసే వీలు అంతగా లేదు. దీపాల వెలుగులో ముందు కనబడేవి తన మోకాలెత్తు పాదాలు. తలెత్తితే చీకట్లోకి పోతున్న మడతలు. ముఖం దాకా చూపు వెళ్ళేసరికి మెడ నొప్పి పుట్టాలి. విగ్రహం ఎంత పెద్దదన్న లెక్క కంటే, చూసేవాణ్ణి ఎక్కడ నిలబెట్టారు అన్నది ముఖ్యమని అప్పుడు తోచింది. సాహిత్య విమర్శలో మనం దీన్నే కథనస్థానం అంటున్నాం, పాఠకుడికి ఎక్కడ కుర్చీ వేశారన్నది. శిల్పం దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం మరిచిపోతాం.

అవుకన గురించి అక్కడ ప్రతి గైడూ చెప్పే కథ ఒకటుంది. గురువూ శిష్యుడూ పందెం వేసుకున్నారు. గురువు అవుకనలోనూ, శిష్యుడు కొన్ని మైళ్ళ అవతల సస్సెరువలోనూ చెక్కడం మొదలుపెట్టారు. ముందు ముగించినవాడు గంట కొట్టాలి. గురువు గంట కొట్టాడు, శిష్యుడు ఉలి దించేశాడు. అందుకే సస్సెరువ బుద్ధుడు అసంపూర్ణం. గురువు పనితనానికి రుజువేమిటంటే, విగ్రహం ముక్కు మీంచి వాన చినుకు జారితే సరిగ్గా కాలి వేళ్ళ మధ్య పడుతుందట.

మంచి కథ. కానీ ఈ కథ ఏం చేస్తోంది? వందలమంది పనిని ఇద్దరి పందెంగా కుదిస్తోంది. గుండు చుట్టూ సారువలు కట్టినవాడు, ఉలులు కాల్చి పదును పెట్టిన కమ్మరి, రాతిపొడి మోసిన ఆడవాళ్ళు, వీళ్ళకు గింజలు పండించి పంపిన ఊళ్ళు, అందరూ మాయమై ఇద్దరు మేధావులు మిగిలారు. సస్సెరువ విగ్రహం ఛాతీ దగ్గర రాయి పగలడం వల్ల పని ఆగిపోయిందనే వివరణ కూడా ఉంది. నాకు అదే నమ్మదగ్గదిగా ఉంది. గైడుకు మాత్రం అందులో రుచి లేదు. రాయి చీలడంలో ఓడిపోయిన శిష్యుడి కన్నీరు ఉండదు గదా. మన సాహిత్య చరిత్రలు కూడా ఈ గైడు కథల కంటే ఎంత మెరుగో ఆలోచించుకోవాలి. ఫలానా కవికీ ఫలానా కవికీ పోటీ అని రాసుకుంటూ పోతాం. ఆ పద్యాలను తాటాకుల మీద గీసిన రాయసగాళ్ళ కూలి ఎంత అని ఏ పరిశోధకుడు అడిగాడు?

విగ్రహం తూర్పుకు తిరిగి ఉంది. అటువైపే కలావెవ ఉంది. సింహళంలో వెవ అంటే చెరువు. పేరుకు చెరువు గానీ కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు మబ్బుల్లో కలిసిపోతుంది. అనూరాధపురాన్ని ఏలిన ధాతుసేనుడు దీన్ని కట్టించాడు. ఇక్కడి నుంచి అనూరాధపురంలోని తిస్సవెవ దాకా 54 మైళ్ళ కాలువ తవ్వారు. మొదటి 17 మైళ్ళలో దాని వాలు మైలుకు ఆరంగుళాలే. లెవెలింగు యంత్రాలు లేని కాలంలో నీటికి దారి అంత మెత్తగా చూపించినవాళ్ళ ముందు, నిజం చెప్పొద్దూ, నాకు విగ్రహం చిన్నదిగా కనబడింది.

ధాతుసేనుడి చావు కథ చూలవంశంలో ఉంది. కొడుకు కస్సపుడు సేనాపతితో చేతులు కలిపి తండ్రిని చెరలో వేశాడు. దాచిన ధనం ఎక్కడుందో చూపించమన్నాడు. ముసలి రాజు తనను కలావెవకు తీసుకుపొమ్మన్నాడు. చెరువులో దిగి స్నానం చేసి, దోసిట నీళ్ళు తాగి, నా ధనమంతా ఇదే అని చూపించాడు. కోపం పట్టలేక రాజును గోడలో పెట్టి మట్టితో పూడ్చేశారు. ఈ ఘట్టాన్ని ఎవరు విన్నా కళ్ళు చెమరుస్తాయి. ప్రజల మనిషి అనిపిస్తాడు.

కానీ ఆ చూలవంశమే ఇంకో మాట చెబుతుంది. కలావెవ కట్ట వేస్తున్నప్పుడు అక్కడ ఒక భిక్షువు ధ్యానంలో కూర్చుని ఉన్నాడు. ఎంత లేపినా లేవలేదు. రాజు అతని మీదే మట్టి పోయించి కట్ట వేశాడు. తర్వాత రాజు మట్టిలో పూడిపోవడం ఆ పాపానికి ఫలమని గ్రంథకర్త లెక్క కట్టాడు. గ్రంథకర్త భిక్షువు గనక కట్ట కింద పడ్డ భిక్షువు ఆయనకు గుర్తున్నాడు. ఆ కట్ట కింద, ఆ కాలువ పొడుగునా జ్వరాలొచ్చి, పాములు కరిచి, బండలు దొర్లి పోయినవాళ్ళు ఆయన లెక్కలోకి రాలేదు. ఒక్క మరణాన్ని నమోదు చేసి వేల మరణాలను వదిలేసినా, ఆ ఒక్కదాని వల్లనే చెరువుకట్ట కింద మనుషులు ఉన్నారని మనకు తెలుస్తోంది. పాలకవర్గ గ్రంథాన్ని చదివే పద్ధతి ఇదేననుకుంటాను. దాన్ని పారెయ్యకూడదు, నమ్మకూడదు. అది ఎక్కడ నోరు జారిందో చూడాలి.

మన దేశంలో సప్తసంతానాలని ఒక జాబితా ఉంది. తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు. చెరువూ గుడీ కావ్యమూ ఒకే ఖాతాలో, రాజుగారి ఖాతాలో. కృతిభర్తల గురించి ఇంత రాసిన మనం, కావ్యాన్ని చెరువు పక్కన ఎందుకు పెట్టారో పట్టించుకోలేదు. మూడింటికీ మూలధనం ఒకటే: పండిన పంటలో రైతు తినగా మిగిలింది, తినకుండా లాక్కున్నది. అవుకన బుద్ధుణ్ణి ధాతుసేనుడు చెక్కించాడా, మూడువందల ఏళ్ళ తర్వాత ఇంకెవరైనా చెక్కించారా అన్నది నాకు పట్టింపు లేదన్నది ఇందుకే. ఎవరు చెక్కించినా రాతి పనివాళ్ళకు అన్నం పెట్టింది ఆ చెరువు నీరే. చెరువు లేకపోతే ఆ ఎండు మండలంలో బుద్ధుడికి అరడుగు రాయి కూడా దొరకదు.

ఇంతవరకూ చెబితే నా పాత వ్యాసమే మళ్ళీ రాసినట్టవుతుంది. పునాది చెరువు, ఉపరితలం విగ్రహం, వ్యాసం సమాప్తం. ఇబ్బంది ఎక్కడంటే, పునాది ఒకటే అయినా ఉపరితలాలు ఒకటి కావు.

అమరావతి తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి మనిషిరూపం లేదు. ఖాళీ ఆసనం ఉంటుంది, పాదముద్రలుంటాయి, బోధివృక్షం, చక్రం ఉంటాయి. ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టంలో గుర్రం ఉంటుంది, గొడుగు ఉంటుంది, గుర్రం మీద ఎవరూ ఉండరు. తర్వాతి కాలంలో అక్కడే బుద్ధుడు మనిషై కనిపిస్తాడు. ఈ మార్పుకు గ్రీకుల ప్రభావం కారణమని ఫూషే అన్నాడు, కాదు ఇది మధురలో ఈ నేల మీద పుట్టిందేనని ఆనంద కుమారస్వామి 1927లో వాదించాడు. పండితుల వివాదం ఎలా ఉన్నా, నాకు ముఖ్యమైంది అమరావతి దాతల పేర్లు. అక్కడ పూర్ణఘటం చెక్కిన పలకనొకదాన్ని విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి దానమిచ్చాడని శాసనం. వర్తకులున్నారు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. స్తూపం పలకలు పలకలుగా ఉంటుంది గనక చెప్పులు కుట్టేవాడు కూడా ఒక పలక ఇవ్వగలిగాడు. నలభై అడుగుల బుద్ధుణ్ణి అలా వాయిదాల్లో ఇవ్వడం కుదరదు. ముక్కు ఒకరు, మోకాలు ఒకరు దానం చెయ్యలేరు. ఒకే కొండ, ఒకే నమూనా, ఒకే ఆజ్ఞ, ఒకే ధాన్యాగారం కావాలి. విగ్రహం పెద్దదయ్యేకొద్దీ దాత ఒక్కడవుతాడు. కాబట్టి పరిమాణం అలంకారం కాదు, అదే ఒక అర్థం. ఖాళీ ఆసనం ముందు నిలబడ్డ చర్మకారుడు అందులో ఎవరిని ఊహించుకున్నాడో మనకు తెలియదు. నలభై అడుగుల ముఖం ఆ ఊహకు చోటివ్వదు.

ఈ మాట రాసుకుని పొలొన్నరువ వెళ్ళాను. అక్కడి గల్ విహార నన్ను మళ్ళీ ఇరకాటంలో పెట్టింది.

గల్ విహార 12వ శతాబ్దంలో పరాక్రమబాహువు చెక్కించింది. ఒకే రాతి గోడ మీద నాలుగు విగ్రహాలు. కూర్చున్నవి రెండు, నిలబడ్డది ఒకటి, పడుకున్నది ఒకటి. పడుకున్న బుద్ధుడి పొడవు 46 అడుగులు. మహాపరినిర్వాణం. నిద్ర కాదని ఎలా తెలుస్తుందంటే పై పాదం కింది పాదంతో సమంగా లేదు, కాస్త వెనక్కి జరిగింది. తల కింది దిండు, తల బరువుకు, లోపలికి నొక్కుకుపోయింది. రాతి దిండు! చనిపోయినవాడి తల బరువుగా ఉంటుందని ఏ ఆగమమూ చెప్పదు. శవాన్ని ఎత్తినవాడికి తెలుస్తుంది. రాజు ఆ దిండు లోతును ఆజ్ఞాపించలేదు. అది శిల్పి చేతిలోంచి వచ్చింది.

పక్కన నిలబడ్డ విగ్రహం సుమారు 23 అడుగులు. చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా ముడుచుకుని ఉంటాయి. బుద్ధుడికి అలాంటి భంగిమ అరుదు. కాబట్టి అది బుద్ధుడు కాదు, గురువు పక్కన దుఃఖిస్తున్న ఆనందుడు అని చాలాకాలం అనుకున్నారు. ఒక్కో విగ్రహానికి వేరువేరు ప్రతిమాగృహాలు ఉండేవని గోడల ఆనవాళ్ళు చెప్పాక ఆ వాదం బలహీనపడింది. చరిత్రకారుడు పరణవితాన దాన్ని పరదుఃఖదుఃఖిత ముద్ర అన్నాడు, ఇతరుల దుఃఖానికి దుఃఖపడే భంగిమ. విద్యార్థులు ఈ వివాదాన్ని జాగ్రత్తగా చూడాలని నా కోరిక. గోడలు లేనప్పుడు రెండు విగ్రహాలూ ఒకే కథలో పాత్రలయ్యాయి. గోడ ఉందని తెలియగానే ఒక్కొక్కటీ విడి కావ్యమైంది. రాయి మారలేదు, దుఃఖమూ మారలేదు, దుఃఖపడుతున్నవాడి పేరు మారింది.

అదే రాతి గోడకు పరాక్రమబాహువు పెద్ద శాసనం చెక్కించాడు. భిక్షుసంఘం ఎలా నడవాలో చెప్పే కతికావత. విడిపోయిన నికాయాలను ఒకటి చేసి, దారితప్పిన భిక్షువులను సరిదిద్ది, ఎవరు ఎప్పుడు లేవాలి, ఏం చదవాలి, ఎక్కడికి వెళ్ళకూడదు అని రాజు నిర్ణయించాడు. కరుణ ఒకవైపు, క్రమశిక్షణ ఒకవైపు, మధ్యలో పది అడుగుల దూరం. ఆ పది అడుగులను కవులు చూడరు. మనం కరుణను చూడం. వాన నీటిచుక్క ఒక్కటి కూడా మనుషులకు అక్కరకు రాకుండా సముద్రంలోకి పోకూడదని చెప్పిన రాజు కూడా ఇతనే.

అతని గురించి ఇంకో సంగతి. పొలొన్నరువలో కొండంత దిబ్బగా మిగిలిన స్తూపం ఒకటుంది. దాన్ని దమిళ మహాసెయ అంటారు. పాండ్య యుద్ధంలో పట్టుబడ్డ తమిళ బందీలు కట్టింది గనక ఆ పేరు. కట్టించినవాడి పేరు కాకుండా కట్టినవాళ్ళ పేరు నిలిచిన కట్టడాలు లోకంలో ఎన్నున్నాయి? అదీ బందీలుగా. మా కారు నడిపినాయన తేయాకు తోటల తమిళుడు. ముత్తాత కాలంలో కొండల మీదికి కూలికి వచ్చిన కుటుంబం, 1948 చట్టంతో పౌరసత్వం లేకుండా పోయి, మళ్ళీ ఎప్పటికో తెచ్చుకున్న కుటుంబం. మాది తమిళ సరిహద్దు కాబట్టి నాకు బజారు తమిళం వస్తుంది. ఆ దిబ్బ పేరుకు అర్థమేమిటన్నా అని అడిగితే, "మావాళ్ళు కట్టినది అని అర్థం సార్. కానీ మావాళ్ళెవరూ ఇది చూడ్డానికి రారు," అన్నాడు. కారు దిగలేదు.

ఆయన దిగకపోవడానికి కారణం పన్నెండో శతాబ్దంలో లేదు. 2005 మేలో తిరుకోణమలై బస్టాండు దగ్గర రాత్రికి రాత్రి ఒక బుద్ధ విగ్రహం వెలిసింది. ఊరంతా హర్తాళ్ళు, ముళ్ళకంచెలు, విగ్రహానికి కాపలాగా సైనికులు. 1985లో అనూరాధపురంలో బోధివృక్షం దగ్గరితో సహా నూటనలభై మందికి పైగా సామాన్యులను పులులు కాల్చి చంపిన సంగతి కూడా మరవకూడదు. ఆ దేశంలో ఏ రాతికి మొక్కాలన్నా ముందు ఏ శవాన్ని దాటాలో చూసుకోవాలి. యుద్ధం 2009లో ముగిసింది. ఆ తర్వాత కూడా ఉత్తరాన, తూర్పున కొత్త విగ్రహాలు సరిహద్దు రాళ్ళలాగా లేస్తూనే ఉన్నాయని తమిళులు గోడు పెడుతున్నారు. కరుణాముద్రను హద్దురాయిగా పాతవచ్చునన్న సంగతి మన శాంతి కవితల్లో ఎక్కడుంది? నా ముసుగు వ్యాసంలో మాత్రం ఉందా? అందులో శత్రువు రాజు. తిరుకోణమలైలో విగ్రహం చుట్టూ చేరింది రాజు కాదు, జనమే.

మనమేం తక్కువ? హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి రాయగిరి దగ్గర కొండలో చెక్కి, 1990 మార్చిలో పంటు మీద ఎక్కించి నీళ్ళలోకి తీసుకుపోతుండగా ఒరిగిపోయింది. పనివాళ్ళు మునిగిపోయారు. విగ్రహాన్ని రెండేళ్ళ తర్వాత తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. నీట మునిగిన బుద్ధుడు అన్న మాట మన నోళ్ళలో నానింది. మునిగిన మనుషులు నానలేదు. చూలవంశకారుడికి కనీసం ఒక భిక్షువు గుర్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో అవుకన మీదుగానే వచ్చి, తంబుత్తెగమ దగ్గర కుడాగమకు వెళ్ళాం. అక్కడ అహికుంటికులని పిలిచే పాములాడించేవాళ్ళ కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఎన్ని తరాల కిందట ఎలా వెళ్ళారో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. లిపి రాదు, బడి సింహళంలో. కోతినాడించి, పాములాడించి, చేతులు చూసి జోస్యం చెబుతూ తాటాకు గుడారాలతో చెరువుకట్టలు పట్టుకు తిరిగిన జాతి. ఇప్పుడు కట్టుదిట్టమైన ఇళ్ళలో ఉన్నారు. ఒక ముసలమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మాటలు సరిచూసింది. నీళ్ళు, నిప్పు, కుక్క, అమ్మ. సగం మాటలు కలిశాయి, సగం కలవక ఇద్దరం నవ్వాం. కలావెవ గట్టున ఏ ఊళ్ళోనూ వారం దాటి ఉండనిచ్చేవాళ్ళు కారని చెప్పింది. అవుకన బుద్ధుణ్ణి చూశావా అవ్వా అని అడిగాను. చిన్నప్పుడు ఆ గుడి బయట పాము బుట్ట దించేవాళ్ళమనీ, జనం బాగా వచ్చే చోటనీ చెప్పింది. లోపలికి ఎప్పుడూ పోలేదట.

ఆ బుద్ధుడి ప్రతిరూపాన్నే శ్రీలంక వాళ్ళు తెలుగుదేశానికి ఇచ్చారనీ, 2022లో తెరిచిన నాగార్జునసాగర్ బుద్ధవనంలో అది ఉందనీ చెప్పాను. అక్కడా చెరువుందా అని అడిగింది. ఉంది, చాలా పెద్దది, దాని కింద పాత విహారాలన్నీ మునిగిపోయాయి అన్నాను. సింహళ విహారం సంగతి చెబుదామనుకున్నాను గానీ నా తెలుగు ఆమెకు అందలేదు. ఆమె అడిగింది విహారాల గురించి కాదు, ఆ నీళ్ళ కింద ఊళ్ళు పోయినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టారని. నాకు తెలిసినంత చెప్పాను. సాయంత్రం కలావెవ గట్టుకు ఏనుగులు దిగుతాయి, చీకటి పడకముందే రోడ్డెక్కాలి అని డ్రైవరన్న హారన్ కొడుతున్నాడు.